కనుమ దగ్గర వాయిదా వేసిన పని

ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 94.5 కిలోమీటర్లు. 2002లో అది పూర్తయ్యేసరికి అయిన ఖర్చు సుమారు 1,630 కోట్ల రూపాయలు. అదే రోడ్డు సహ్యాద్రి కొండలెక్కే చోట ఇరుకు తప్పించడానికి 2019లో మొదలుపెట్టిన 13.3 కిలోమీటర్ల కొత్త దారి అంచనా 6,695 కోట్లు. దూరం ఏడో వంతు, ఖర్చు నాలుగింతలు. ఈ రెండు దశాబ్దాల్లో సిమెంటు, ఉక్కు, కూలి రేట్లు పెరిగిన మాట నిజం. సొరంగాలూ తీగల వంతెనలూ మామూలు రోడ్డు కంటే ఎన్నో రెట్లు ఖరీదైనవన్నదీ నిజమే. అయినా ఆ 6,695 కోట్లలో ధరల పెరుగుదలతో సంబంధం లేని పద్దు ఒకటుంది. దేశంలో తొలి ఆరు వరసల ఎక్స్‌ప్రెస్‌వే కట్టినప్పుడు కనుమ దగ్గర చెయ్యకుండా వదిలేసిన పని అది. డబ్బు రూపంలో ఆ బాకీ ఇన్నాళ్లకు తీరుస్తున్నారు. ప్రాణాల రూపంలో అది ఇరవై ఏళ్లుగా తీరుతూనే వచ్చింది.

తూర్పు కనుమల మీదుగా రాయపూర్ నుంచి విశాఖపట్నానికి ఆరు వరసల రహదారి వేస్తున్న ఈ రోజుల్లో, ఆ బాకీ ఎలా పుట్టిందో తెలుగువాళ్లు తెలుసుకోవాలి.

హైదరాబాద్ నుంచి ముంబయికి రైల్లో వెళ్లినవారికి ఆ చోటు గుర్తుండే ఉంటుంది. లోణావలా, ఖండాలా దాటగానే దక్కన్ పీఠభూమి ఒక్కసారిగా తెగిపోతుంది. కొన్ని కిలోమీటర్ల దూరంలోనే నేల అర కిలోమీటరుకు పైగా కిందికి దిగి, ఖోపోలీ దగ్గర కొంకణ్ మైదానంలో కలుస్తుంది. తిరుగు ప్రయాణంలో చాలా బళ్లకు కర్జత్ స్టేషన్లో వెనక అదనపు ఇంజన్లు తగిలిస్తే గాని ఆ ఎక్కుడు ఎక్కలేవు. దాని పేరు భోర్ ఘాట్. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టిన నల్లరాయి కొండ అది. చూడ్డానికి ఉక్కులా ఉంటుంది గాని లోపల అంత ఏకశిల కాదు. ఒక లావా పొరకూ మరో పొరకూ నడుమ మెత్తటి ఎర్రని పొర ఉంటుంది. రాతిలో నిలువు పగుళ్లుంటాయి. లోణావలా ప్రాంతంలో ఏటా కురిసే వాన 4 వేల మిల్లీమీటర్లకు పైనే, అంటే తెలంగాణ సగటుకు నాలుగింతలు. అదీ దాదాపు మొత్తం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ నీరు పగుళ్లలో దిగి, ఎర్రపొర దగ్గర ఆగి, పై రాయిని కదిలిస్తుంది. ఈ కొండను తొలిచిన ప్రతి తరమూ ఈ సంగతి కొత్తగా నేర్చుకోవాల్సి రావడం విచారకరం.

బళ్లు నడిచే రోడ్డు ఈ కనుమలో 1830లో వచ్చింది. అప్పటి బొంబాయి గవర్నరు జాన్ మాల్కం. అంతకుముందు సరుకంతా ఎద్దుల వీపు మీదే కొండ దాటేది. ఈ దారి గురించి అక్కడి జనం చెప్పుకునే కథ ఒకటుంది. శింగ్రోబా అనే ధనగర్ గొర్రెలకాపరి తెల్లదొరలకు కొండలో దారి చూపించాడట. ఏం బహుమానం కావాలో కోరుకొమ్మంటే, మా దేశం మాకు వదిలేసి పొండి అన్నాడట. వాళ్లు అతణ్ని కాల్చి చంపారట. పాత ఘాట్ రోడ్డు పక్కన అతనికి గుడి ఉంది. అటు వెళ్లే డ్రైవర్లు ఇప్పటికీ ఆగి నాణెం వేసి దణ్ణం పెట్టుకుంటారు. కథలో చరిత్ర పాలు ఎంతైనా కానివ్వండి, కొండను ఎరిగినవాడి పేరు శిలాఫలకం మీద ఉండదన్న బాధ మాత్రం అందులో నూటికి నూరుపాళ్లు నిజం.

ఆ తర్వాత వచ్చిన రైలుమార్గం మరీ ఘోరమైన పాఠం. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1856లో భోర్ ఘాట్ పని మొదలుపెట్టింది. పాతిక సొరంగాలు, ఎనిమిది పెద్ద రాతి వంతెనలు. పని ముమ్మరంగా సాగిన 1861లో 40 వేల మందికి పైగా కూలీలు కొండ మీద ఉన్నారు. కలరా, విష జ్వరాలు, మందుగుండు పేలుళ్లు, తాళ్లతో వేలాడుతూ రాతికి రంధ్రాలు వేసే పని. ఎనిమిదేళ్లలో పోయిన ప్రాణాల అంచనా 20 వేలు దాటుతుంది. 1859లో జీతాలు సరిగ్గా అందక కూలీలు తిరగబడ్డారు. రైల్వేలు, ప్రభుత్వ నిర్మాణాల్లో కూలీలకూ యజమానులకూ మధ్య వచ్చే తగాదాలను త్వరగా తేల్చే చట్టం ఆ మరుసటి ఏడాదే వచ్చింది. తొలి గుత్తేదారు విలియం ఫేవియెల్ పని వదిలేశాడు. తర్వాత వచ్చిన సాలమన్ ట్రెడ్వెల్ ఇండియాలో అడుగుపెట్టిన కొద్ది వారాల్లోనే జబ్బుచేసి చనిపోయాడు. ఆయన భార్య ఆలిస్ ఆ గుత్త తన చేతుల్లోకి తీసుకుని పని పూర్తి చేయించింది. 1863లో మార్గం తెరిచారు. నాలుగేళ్లు దాటగానే ఒక పెద్ద వంతెన కూలింది. అప్పుడు నాసిరకం కట్టుబడి గురించి ఇంగ్లండులో, ఇక్కడా పెద్ద చర్చ జరిగింది.

ఆ కూలీల్లో మనవాళ్ల వాటా ఎంతో లెక్క దొరకదు గాని, ఆ కాలపు రైలుకట్టల పనుల్లో మట్టి తవ్వడం, రాయి కొట్టడం అంటే ముందుగా వినిపించే పేర్లలో వడ్డెరలు ఉంటారు. మహారాష్ట్రలో వడార్లు అని పిలిచే ఆ కులంవారు ఇళ్లలో మాట్లాడుకునేది ఇప్పటికీ తెలుగు యాసే. ముంబయిలోని కామాఠీపురాకు ఆ పేరు నిజాం ఇలాకా నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీల వల్ల వచ్చింది. ముంబయి నగరాన్ని దక్కనుతో కలిపిన దారుల చరిత్ర తెలుగు శ్రమజీవుల చరిత్ర కూడా.

ఈ కనుమలో మరో తెలుగు గుర్తు 2020 దాకా నిలిచి ఉంది. 1830 నాటి రాతి వంతెనను అక్కడివాళ్లు అమృతాంజన్ బ్రిడ్జ్ అనేవారు. పక్కన ఒకప్పుడు అమృతాంజనం ప్రకటన బోర్డు ఉండేదని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలోనే ఆ మందు మొదలుపెట్టారు. ఆంధ్రపత్రిక వారపత్రికగా 1908లో పుట్టిందీ బొంబాయిలోనే. ఎక్స్‌ప్రెస్‌వే ఈ వంతెన కాళ్ల మధ్య నుంచే వెళ్లింది. వంతెన మీద రాకపోకలు ఎప్పుడో ఆగిపోయాయి గాని దాని స్తంభాలు మాత్రం కింది రోడ్డును ఇరుకు చేసి, ప్రమాదాలకు, వాహనాలు బారులు తీరడానికి కారణమవుతూ వచ్చాయి. ఎక్స్‌ప్రెస్‌వే తెరిచి దాదాపు రెండు దశాబ్దాలైనా ఆ వంతెనను తొలగించడానికి రోడ్డు మూసే వీలు చిక్కలేదు. చివరికి 2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్ వల్ల రోడ్లు ఖాళీ అయ్యాక, పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. దేశంలోనే పేరుమోసిన ఎక్స్‌ప్రెస్‌వేలో అందరికీ తెలిసిన ఒక ఇరుకును సరిచెయ్యడానికి మహమ్మారి రావాల్సి వచ్చింది.

ఇక ఎక్స్‌ప్రెస్‌వే సంగతి. పాత జాతీయ రహదారి మీద ముంబయి, పుణెల మధ్య లారీలు, బస్సులు, కార్లు గంటల తరబడి ఇరుక్కునేవి. 1990లో మహారాష్ట్ర ప్రభుత్వం కొత్త రోడ్డుకు అధ్యయనం చేయించింది. కేంద్ర సంస్థ రైట్స్ 1994లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వంలో మనోహర్ జోషీ ముఖ్యమంత్రి, నితిన్ గడ్కరీ ప్రజాపనుల మంత్రి. ప్రైవేటు సంస్థ 3,600 కోట్లు అడిగితే కాదని, దాదాపు సగం ఖర్చుతో ప్రభుత్వమే కట్టించిందని గడ్కరీ ఇప్పటికీ సభల్లో చెబుతుంటారు. ఆ నిర్ణయం మంచిదే. 1996లో ఏర్పడిన మహారాష్ట్ర రాష్ట్ర రహదారి అభివృద్ధి సంస్థ బాండ్ల ద్వారా మార్కెట్లో అప్పు తెచ్చింది. ముప్పై ఏళ్లు టోల్ వసూలు చేసుకునే హక్కు ఆ సంస్థకు దక్కింది. 1998 ఆరంభంలో నలుగురు గుత్తేదారులకు పని పంచారు. 2000 నుంచి ముక్కలుగా తెరుస్తూ 2002కు పూర్తిచేశారు. కొండను తొలిచి జంట సొరంగాలు వేశారు. పశువులు, మనుషులు, ద్విచక్ర వాహనాలు, ఆటోలు అడ్డురాని కాంక్రీటు రోడ్డు ఈ దేశంలో సాధ్యమేనని నిరూపించిన నిర్మాణం అది. ఆ తర్వాత ఇండియాలో వచ్చిన ప్రతి ఎక్స్‌ప్రెస్‌వేకూ అదే ధైర్యం ఇచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

కానీ ఒక చోట రాజీ పడ్డారు. ఖోపోలీ నుంచి ఖండాలా దాకా కనుమలో ఎక్స్‌ప్రెస్‌వేకు పూర్తిగా వేరే దారి వెయ్యలేదు. పాత జాతీయ రహదారీ కొత్త ఎక్స్‌ప్రెస్‌వే అక్కడ ఒక్కటవుతాయి. ఆరు వరసలు, నాలుగు వరసలు వచ్చి మళ్లీ ఆరు వరసల్లోనే దూరాలి. మైదానంలో గంటకు వంద కిలోమీటర్లతో వచ్చిన కారూ, ముప్పైతో మూలుగుతూ ఎక్కే కంటెయినర్ లారీ ఒకే మలుపులో కలుస్తాయి. సెలవు రోజు వస్తే లోణావలా వెళ్లే జనం కూడా తోడవుతారు. డబ్బు తక్కువ, అనుభవం తక్కువ, ఎలాగైనా రోడ్డు పూర్తి చెయ్యాలన్న పట్టుదల ఎక్కువ ఉన్న కాలంలో ఆ రాజీని అర్థం చేసుకోవచ్చు. అర్థం కానిదల్లా, తెరిచిన కొన్నేళ్లకే ఇబ్బంది కళ్లకు కట్టినా, వేరు దారి పని మొదలవడానికి 2019 దాకా ఎందుకు పట్టిందన్నదే.

కొండ దిగే రోడ్డు మీద ప్రమాదం ఎలా జరుగుతుందో డ్రైవర్లకు బాగా తెలుసు. నిండు లోడుతో దిగే లారీ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే, కొన్ని నిమిషాల్లో డ్రమ్ములు కాలిపోయేంత వేడెక్కుతాయి. ఆ తర్వాత ఎంత నొక్కినా పట్టవు. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలి, ఇంజనే బండిని పట్టి ఉంచాలి అని పెద్ద డ్రైవర్లు చెబుతారు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో దింపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కిలోమీటరు లెక్కన డబ్బిచ్చి, డీజిలు లెక్క అడిగి, నిద్రకు లెక్క కట్టని యజమానులు ఉన్నంతకాలం వాళ్లు ఉంటారు. ఇలా అదుపు తప్పిన లారీ ముందున్న కార్ల వరస మీద పడుతుంది. వేరు వేరు దారులుంటే ఆ కార్లు అక్కడ ఉండేవే కావు.

దీనికి వాన తోడు. 2015 జులైలో ఆడోశీ సొరంగం దగ్గర కొండచరియ విరిగి వాహనాల మీద పడింది, ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి ఉక్కు వలలు కట్టారు, వదులుగా ఉన్న రాళ్లను ముందే పడగొట్టారు. ఏటా వానాకాలానికి ముందు ఆ పనికోసం రోడ్డు ఆపుతున్నారు. కొండ వాలును కోసినప్పుడే ఇదంతా రోడ్డు ఖర్చులో భాగమని అనుకుని ఉండాల్సింది.

2016 ఈ రోడ్డుకు మలుపు తిప్పిన ఏడాది. ఆ జూన్ 5న పన్వేల్ దగ్గర, ఆగి ఉన్న రెండు కార్లను ఒక బస్సు ఢీకొట్టి లోయలోకి దూసుకుపోయింది. 17 మంది చనిపోయారు. ఆ ఏడాది మొత్తం మీద ఎక్స్‌ప్రెస్‌వేపై మృతులు 151 మంది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, రహదారి అభివృద్ధి సంస్థ, హైవే పోలీసులు, మహీంద్రా సంస్థ కలిసి ‘జీరో ఫెటాలిటీ కారిడార్’ పని పెట్టుకున్నారు. వాళ్లు చేసినవి బ్రహ్మాండమైన పనులేం కావు. ఏ కిలోమీటరు దగ్గర, ఏ గంటలో, దేని తాకిడితో మనిషి చనిపోయాడో నమోదు చేశారు. రోడ్డు అంచున ఆగిన లారీలను వెనకనుంచి గుద్దడమే పెద్ద కారణాల్లో ఒకటని తేలింది. అక్కడ లారీలు ఆగకుండా గస్తీ పెట్టారు. బల్లెంలా ముందుకు పొడుచుకు ఉన్న ఇనుప బ్యారియర్ల చివరలను సరిచేశారు. వాహనం ఎదురు రోడ్డులోకి దూకకుండా మధ్యలో ఉక్కు తాళ్ల కంచె వేశారు. అంబులెన్సు ఎంత సేపట్లో వస్తోందో కొలవడం మొదలుపెట్టారు. 2023 నాటికి మరణాలు సగానికి పైగా తగ్గాయి.

ఈ అంకె దగ్గర ఆగి ఆలోచించాలి. రోడ్డు అదే, కొండ అదే, వానా అదే, లారీలు అంతకంటే ఎక్కువ. అయినా ఏటా డెబ్బై, ఎనభై కుటుంబాలకు మనిషి ఇంటికి తిరిగొచ్చాడు. అంటే అంతకుముందు పద్నాలుగేళ్లు పోయినవాళ్లలో ఎందరి చావో తలరాత కాదు. 2001లో ఇదే రోడ్డుపై పోయిన మరాఠీ రంగస్థల నటి భక్తి బర్వేకు పత్రికలు నివాళులు రాశాయి. పేరు తెలియని లారీ క్లీనర్ల గురించి ఎవరూ రాయలేదు. లెక్క కట్టి వెదికితే వాళ్లలో చాలామందిని బతికించగలిగేవాళ్లమే. వేగం మితిమీరితే పట్టే కెమెరాల వ్యవస్థ 2024లో గాని రాలేదు.

డబ్బు లేక ఆలస్యమైందా అంటే, ఆ మాట టోల్ లెక్కల ముందు నిలవదు. 2004లో 15 ఏళ్ల వసూలు హక్కును 918 కోట్లకు ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. ఆ గడువు 2019లో ముగిసింది. మరో పదేళ్ల హక్కుకు పలికిన ధర 8,262 కోట్లు. పదిహేనేళ్ల హక్కుకు వెయ్యి కోట్లు రాని చోట పదేళ్ల హక్కుకు ఎనిమిది వేల కోట్లు ఎలా వచ్చాయో ఆలోచిస్తే, మొదటి బేరంలో జనం ఎంత పోగొట్టుకున్నారో తెలుస్తుంది. మూడేళ్లకోసారి 18 శాతం పెరుగుతూ వచ్చిన ఈ టోల్ 2023 ఏప్రిల్‌లో కారుకు 320 రూపాయలైంది. వసూలు గడువును 2045 దాకా పొడిగించారు. అందుకు వ్యతిరేకంగా పుణె, ముంబయి పౌరులు కోర్టుల చుట్టూ తిరిగారు. టోల్ ఉండకూడదని నేను అనను. కొండ రోడ్డుకు నిత్యం ఖర్చు ఉంటుంది. అయితే వసూలైన ప్రతి వంద రూపాయల్లో వాలుల రక్షణకు ఎంత, గస్తీకి ఎంత, అంబులెన్సుకు ఎంత వెళ్లిందో ఏటా ఒక కాగితం మీద చూపించమని అడిగే హక్కు ఆ 320 రూపాయలు కట్టిన ప్రతివాడికీ ఉంది.

కొత్త దారిని మిస్సింగ్ లింక్ అంటున్నారు. రెండు సొరంగాలు, ఒకటి 8.92 కిలోమీటర్లు, రెండోది 1.75 కిలోమీటర్లు. పెద్దది లోణావలా చెరువు కిందుగా వెళుతుంది. లోయ మీద 180 మీటర్ల పైచిలుకు స్తంభాలకు వేలాడే తీగల వంతెన. సొరంగాల పని హైదరాబాద్‌కు చెందిన నవయుగ ఇంజినీరింగ్ తీసుకుంది, వంతెనల పని ఆఫ్కాన్స్‌ది. దూరం ఆరు కిలోమీటర్లు, సమయం సుమారు అరగంట తగ్గుతాయి. అంతకంటే విలువైనది, దూరప్రయాణం చేసే బళ్లు పాత రహదారి బళ్ల నుంచి విడిపోవడం. ఇందులో నాకు ఒక భయం ఉంది. కొత్త దారి మెరుపుల్లో పాత కనుమను మరిచిపోతారేమోనని. ఖండాలా, ఖోపోలీ బళ్లు, పాత రహదారి లారీలు ఆ పాత వాలు మీదే నడవాలి. అక్కడి ఉక్కు వలలకు, గస్తీకి డబ్బు తగ్గించకూడదు.

మన తూర్పు కనుమల రాయి వేరు. అక్కడి ఖొండలైటు వానకు లోతుగా కుళ్లి ఎర్రమట్టి అవుతుంది. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండుల్ మార్గంలో వానాకాలం చరియలు పడి రైళ్లు ఆగడం ఉత్తరాంధ్రవారికి కొత్త వార్త కాదు. ఛత్తీస్‌గఢ్, ఒడిశాలు దాటి, మన రాష్ట్రంలో దాదాపు 100 కిలోమీటర్లు నడిచి సబ్బవరం చేరే 464 కిలోమీటర్ల రాయపూర్–విశాఖ రహదారి ఆ కొండల్లోంచే వస్తుంది. సొరంగాలు, కొత్త దారి అన్నీ మొదట్నుంచీ ప్రణాళికలో ఉండటం మంచి మాట. కొండ మీద రోడ్డు నడపడం మనకు తెలియని విద్యా కాదు. తిరుమలకు 1944లో తొలి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాక, ఎక్కే బళ్లనూ దిగే బళ్లనూ వేరు చేశారు. కింద గేటు దాటిన సమయాన్ని పైన సరిచూసి, ముందుగా వచ్చేసినవాణ్ని ఆపి నిలదీసే పద్ధతి కెమెరాలు రాకముందు నుంచే ఉంది. భక్తుల కోసం పాటించిన ఆ శ్రద్ధ బొగ్గు, ఇనుప ఖనిజం మోసే లారీ డ్రైవరుకూ దక్కాలి.

అందుకు పెద్ద చట్టాలు అక్కర్లేదు. రాయపూర్–విశాఖ దారికి టోల్ రేటు ఖరారు చేసే ఒప్పందంలోనే మూడు షరతులు రాయించాలి. వసూళ్లలో ఒక స్థిరమైన వాటా కనుమ వాలుల నిర్వహణకు విడిగా పెట్టాలి. ప్రతి మరణాన్ని కిలోమీటరు రాయి, గంట, కారణంతో సహా మూడు నెలలకోసారి ప్రచురించాలి. సొరంగాల్లో పనిచేసే ప్రతి కూలీ పేరూ ఊరూ రిజిస్టరులో ఉండి, ప్రమాదం జరిగితే ఆ ఇంటికి పరిహారం గుత్తేదారు దయ మీద ఆధారపడకుండా అందాలి. ఉత్తరాంధ్ర ఎమ్మెల్యేలు, ఎంపీలు రోడ్డు తెరిచే తేదీ గురించి అడుగుతున్నారు. ఈ మూడింటి గురించి కూడా ఇప్పుడే, పనులు నడుస్తుండగానే అడగాలి.